రెండు సిగరెట్ల దూరం

ఊరి మధ్యనున్న గడియార స్తంభానికి కీ ఇచ్చే మనిషిని చిన్నా పెద్దా అందరూ గడియారం బాబాయి అనేవాళ్లు. అతనికంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా నోరారా బాబాయి అనే పిలిచేవాళ్లు. ఆయన బాబాయి అయ్యాక భార్య పిన్ని కాక తప్పదు కదా, ఆవిడ పిన్ని అయింది. బాబాయి చేతికి వాచీ ఉండేది కాదు. కొనుక్కోలేక కాదు, పౌరుషం. "ఊరికంతా టైం చెప్పేవాణ్ణి, నాకు ఇంకోటి చెప్పాలా?" అనేవాడు.

మరి స్తంభం మీది గడియారానికి టైం ఎవరు చెప్పాలి? అక్కడే ఉంది బాబాయి విద్య అంతా. ప్రతి ఆదివారం పొద్దున్నే రైల్వే స్టేషనుకి వెళ్లి ప్లాట్‌ఫారం గడియారం కింద నిలబడేవాడు. సరిగ్గా ఏడు కాగానే అగ్గిపుల్ల గీసి సిగరెట్ ముట్టించి బయల్దేరేవాడు. స్తంభం తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ సిగరెట్ అయిపోయేది. రెండోది అక్కడ ముట్టించి మెట్లెక్కేవాడు. నూట పన్నెండు మెట్లు, మూడు మలుపులు. ప్రతి మలుపు దగ్గరా కూలబడి నాలుగు దమ్ములు లాగి, నాలుగు దగ్గులు దగ్గి లేచేవాడు. పైన గడియారం గదిలో అడుగు పెట్టేసరికి రెండో సిగరెట్ పీక వేలికి చురుక్కుమనేది. అప్పుడు టైం ఏడుంపావు. లోపల మిషను పక్కనున్న చిన్న డయల్ ముళ్లు ఏడుంపావు చూపిస్తే సరే, లేకపోతే సరిదిద్దేవాడు. పంతొమ్మిదేళ్లుగా ఇదే పద్ధతి. మున్సిపాలిటీ వాళ్లు ఎప్పుడు రేడియోతో సరిచూసినా అర నిమిషం తేడా దొరకలేదు. దాంతో బాబాయి కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

అలాంటి బాబాయి ఒక గురువారం, రోజూ ఇచ్చే కీ కోసం ఎక్కుతూ, రెండో మలుపు దగ్గర కూర్చుని మళ్లీ లేవలేకపోయాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అరగంట తర్వాత గోడ పట్టుకుని కిందికి దిగి ఇంటికెళ్లి పడుకున్నాడు. కీ ఇవ్వని గడియారం శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఆగిపోయింది. బడి వదిలే గంట కొట్టేవాడు గడియారం వైపు గుడ్లప్పగించి చూస్తూ పిల్లల్ని ఆరింటిదాకా కూర్చోబెట్టేశాడు.

ఆదివారం బాబాయి ఎలాగో పైకెక్కి కీ ఇచ్చి, టైం పెట్టి వచ్చాడు. సోమవారం మున్సిపాలిటీ ఇంజనీరమ్మ కబురు పెట్టింది. మంచి మనిషే గానీ మొహమాటం లేదు. "చూడండి, గడియారానికి కరెంటు మోటారు పెట్టించమని పైనుంచి ఎప్పటినుంచో చెబుతున్నారు. మీరున్నారని ఆపుతున్నాను. ఆరు వారాలు టైమిస్తాను. ఆరో ఆదివారం నేనూ మీతో వస్తాను. ఎక్కడా కూర్చోకుండా పైదాకా ఎక్కాలి, గడియారం తేడా రెండు నిమిషాలు దాటకూడదు. రెండిట్లో ఏది తప్పినా మోటారు పెడతాం, మిమ్మల్ని నీటి కుళాయిల సెక్షన్‌కి మారుస్తాం" అంది.

కుళాయిల సెక్షన్ అంటే బల్ల ముందు కూర్చుని దరఖాస్తులు తీసుకోవడం. ఆ గడియారంతో మాట్లాడినన్ని మాటలు బాబాయి పిన్నితో కూడా మాట్లాడి ఉండడు. తిన్నగా మున్సిపల్ ఆస్పత్రి నర్సమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ వీపు మీద గొట్టం పెట్టి విని, "బాబాయి గారూ, ఇవాళ్టినుంచి మానేయాలి" అంది.

"తగ్గిస్తానమ్మా."

"తగ్గించడం కాదు, మానడం. ఏం జరుగుతుందో ముందే చెబుతాను, తర్వాత నర్సమ్మ చెప్పలేదనొద్దు. మొదటి మూడు రోజులు మరీ కష్టం. ఒంట్లో నికోటిన్ అయిపోతుంది, అది కావాలని ఒళ్లు గోల పెడుతుంది. ఊరికే కోపం వస్తుంది. నిద్ర పట్టదు, పడితే పిచ్చి కలలు. ఏ పని మీదా మనసు నిలవదు. ఆకలి ఎక్కువవుతుంది. విరేచనం సాఫీగా అవదు, నీళ్లు బాగా తాగండి. దగ్గు కొన్నాళ్లు పెరగచ్చు, భయపడకండి. మూడు నాలుగు వారాలకి చాలావరకు సర్దుకుంటుంది. ఇక మధ్యమధ్యలో కాల్చాలని నాలుక పీకేస్తుందే, అది వచ్చి ఐదు పది నిమిషాల్లో పోతుంది. అప్పుడు నోట్లో పిప్పరమెంట్ వేసుకుని గబగబా నడవండి."

బాబాయి అన్నిటికీ తల ఊపాడు. ఇవన్నీ వేరేవాళ్లకి వచ్చే కష్టాలని అతని నమ్మకం. తనలాంటి నిబ్బరమైన మనిషిని ఒక కాగితం గొట్టం ఏం చేస్తుంది?

మంగళవారం మధ్యాహ్నానికే నిబ్బరం నీరుగారిపోయింది. పిన్ని దువ్వెన ఉన్నచోట లేదని అరిచాడు. ఉన్నచోటే ఉందని చూపిస్తే, మరి ముందే ఎందుకు చెప్పలేదని అరిచాడు. బుధవారం రేడియోలో ఎవరో పిల్ల నవ్వుతూ మాట్లాడుతుంటే, ఆ నవ్వెందుకని మీట గట్టిగా తిప్పాడు. మీట ఊడి చేతిలోకి వచ్చింది. ఆ రోజునుంచి ఇంట్లో రేడియో మూగబోయింది.

"మీరు సిగరెట్ మానినట్టు లేదు, నన్ను మానేసినట్టుంది" అంది పిన్ని.

"నేనేమన్నానిప్పుడు?"

"ఏమనలేదు. అందుకే చెబుతున్నాను, ఏమీ అనకుండా ఓ గంట అలా కూర్చోండి."

కూర్చోవడమే చేతకావడం లేదు పాపం. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. జేబులో పెడితే ఖాళీ పెట్టె తగిలేది. పెట్టె పారేయమంటే, అగ్గిపుల్లలు పెట్టుకోవడానికని వాదించాడు. అగ్గిపుల్లలెందుకంటే పెట్టె మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మూడోనాడు పిన్ని సీసాలో పోసి పెట్టుకున్న వేరుశనగ గింజలన్నీ తినేసి, ఖాళీ సీసా మీద మూత బిగించి యథాస్థానంలో పెట్టాడు. పొద్దున్నే లేచి దోషిలా మొహం పెట్టి, "కలలో ఒకటి కాల్చానే" అని ఒప్పుకున్నాడు. కలలో కాల్చిందానికి తను తిట్టలేనని, కావాలంటే కలలోకే వచ్చి తిడతానని పిన్ని అభయమిచ్చింది.

వీటన్నిటికంటే ఆ ఐదు పది నిమిషాలు! నర్సమ్మ ఎంత తేలిగ్గా చెప్పింది! బాబాయి ఆ టైములో స్తంభం కింద నిలబడి పెద్ద ముల్లు వైపు చూసేవాడు. అది కదిలేది కాదు. కళ్లు మూసుకుని, ఊరి వీధులన్నీ మనసులో తిరిగొచ్చి, కళ్లు తెరిస్తే ఒక్క నిమిషం జరిగి ఉండేది. ఊరికంతా టైం చెప్పే మనిషికి ఐదు నిమిషాలంటే ఎంతో యాభై రెండో ఏట తెలిసొచ్చింది.

పదకొండో రోజు కాలు జారింది కూడా. స్తంభం వెనక్కి పోయి, అడిగి తెచ్చుకున్న సిగరెట్ సగం కాల్చాడు. తల గిర్రున తిరిగింది. రుచి చూస్తే తడిసిన పాత పేపరు నమిలినట్టుంది. అయినా ఆ సగమూ వదల్లేదు, అది వేరే సంగతి. తర్వాత సిగ్గుతో చచ్చిపోయి నర్సమ్మ దగ్గరికి వెళ్లి, "అంతా పాడుచేసుకున్నానమ్మా" అన్నాడు.

"పది రోజులు కాల్చకుండా ఉన్నది మీరే కదా? ఆ పది రోజులూ ఎక్కడికీ పోవు. జారితే లేచి నడవండి. జారాను కదా అని అక్కడే పక్కేసుకోవద్దు" అంది నర్సమ్మ, ఇంకో గుప్పెడు పిప్పరమెంట్లు చేతిలో పోస్తూ.

లేచి నడిచాడు. ఆ తర్వాత మళ్లీ ముట్టలేదు.

ఆదివారం పద్ధతి మాత్రం మానలేదు. సిగరెట్ లేకపోతే ఏం? "అడుగులు అవే, మెట్లు అవే, మనిషిని నేనే" అనుకున్నాడు. ఏడింటికి స్టేషన్లో బయల్దేరడం, గది చేరగానే ఏడుంపావు అనుకోవడం. మొదటి ఆదివారం దగ్గు ఎక్కువై మూడు మలుపుల దగ్గరా కూర్చున్నాడు, గడియారం సరిగ్గా ఉంది. స్టేషను బయట టీ కొట్టు, దాని పక్కనే సిగరెట్ల కొట్టు. ఇరవై ఏళ్లనాటి స్నేహితులు నలుగురు అక్కడ పొగ మేఘంలో నిలబడి "రా బాబాయ్" అని పిలుస్తారు. అటు చూస్తే కొంప మునుగుతుంది. అందుకని నర్సమ్మ చెప్పినట్టు పిప్పరమెంట్ దవడన పెట్టి, తల వంచుకుని, ఎవరో తరుముతున్నట్టు ఆ వీధి దాటేసేవాడు.

రెండో ఆదివారం గదిలోకి వెళ్లి చూస్తే చిన్న ముళ్లు ఏడూ పద్నాలుగు చూపించాయి. ఒక నిమిషం వెనక. బాబాయి నుదురు చిట్లించి ముందుకి తోశాడు. మూడో ఆదివారం రెండు నిమిషాలు వెనక. తోశాడు. నాలుగో ఆదివారం మళ్లీ ఒకటి.

పంతొమ్మిదేళ్లలో వారానికి నాలుగు సెకన్లు తేడా రాని గడియారం! సరిగ్గా ఇంజనీరమ్మ పరీక్షకి వస్తానన్నప్పుడే నీరసించిపోతోంది. లోలకం తుడిచాడు, పళ్లచక్రాలకి నూనె రాశాడు, బరువుల తాళ్లు పట్టి పట్టి చూశాడు. లోపం దొరకలేదు. "ఏమే, నేను మానేస్తే నీకొచ్చిందా నీరసం? నేనింత కష్టపడుతుంటే నువ్వు పడుకుంటావా? ఇంకో రెండు వారాలు ఓపిక పట్టవే" అని బతిమాలాడు, కాసేపయ్యాక తిట్టాడు కూడా. ఆఫీసులో చెబితే మోటారు రేపే వస్తుంది. ఇంట్లో చెబితే పిన్ని కంగారు పడుతుంది. ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు.

ఆ దాచుకోవడంతో సిగరెట్ మళ్లీ గుర్తొచ్చింది, అదీ మామూలుగా కాదు. ఒంటికి అలవాటు తప్పిపోయినా బెంగకి అలవాటు తప్పలేదు. ఏదైనా కష్టం వస్తే ఒకటి ముట్టించి ఆలోచించడం ముప్పై ఏళ్ల పద్ధతి. ఇప్పుడు కష్టమొచ్చింది, ముట్టించడానికి లేదు, ఆలోచన సాగదు. అలా ఉన్నప్పుడే పచారీ కొట్టాయన ఎదురుపడి, "బాబాయ్, మా రేడియో నాలుగు నిమిషాలు వెనక చెబుతోంది, చూశావా?" అన్నాడు.

"నీ రేడియో బాగుచేయించుకో" అన్నాడు బాబాయి, ముక్కు మీద కోపంతో. కొట్టాయన నొచ్చుకోలేదు, నిజంగానే రేడియోని బాగుచేయించడానికి ఇచ్చాడు. ఊళ్లో గడియార స్తంభానికి ఉన్న పరపతి అలాంటిది. ఆ వారాల్లో ఆఫీసుల్లో ఒక్కరు కూడా ఆలస్యంగా రాలేదని, రైళ్లు మాత్రం ఎప్పటికంటే ఆలస్యమవుతున్నాయని అందరూ అనుకున్నారు. పిన్నికి ఇంకో వింత కనిపించింది. ఆదివారాలు మొగుడు పొయ్యి మీద గిన్నె దించకముందే ఇంటికొచ్చేస్తున్నాడు. తొందరగా వచ్చారేమంటే, "తొందరేముంది, ఎప్పటిలాగే వచ్చాను" అని కసిరేవాడు. ఇల్లు స్తంభానికి ఎదురుగానే, గుమ్మంలోంచి గడియారం చూస్తే అతని మాటే నిజం. పిన్ని తనే మెల్లగా పనిచేస్తున్నానేమో అనుకుని పొయ్యిలో మంట ఎగదోసింది.

ఐదో ఆదివారం ఇంకో నిమిషం వెనక. తోశాడు.

ఆరో ఆదివారం ఏడింటికి ఇంజనీరమ్మ ప్లాట్‌ఫారం మీద తయారుగా ఉంది. చేతికి మంచి వాచీ, చంకలో ఫైలు. "మీరు ఎప్పుడూ ఎలా వెళ్తారో అలాగే వెళ్లండి. నేను వెనకే వస్తాను" అంది. బాబాయి పిప్పరమెంట్ వేసుకుని కదిలాడు. సిగరెట్ల కొట్టు దాటేటప్పుడు భయంతో కొంచెం, ఇంజనీరమ్మ ముందు పరువు కోసం కొంచెం, ఎప్పటికంటే వడిగా నడిచాడు. స్తంభం తలుపు తీసి మెట్లెక్కాడు. ఒక్క మలుపు దగ్గర కూడా కూర్చోలేదు. కూర్చోవాలని తోచనే లేదు, అతని మనసంతా పైనున్న ముళ్ల మీదే ఉంది. రెండో మలుపు దగ్గర వెనకనుంచి "ఒక్క నిమిషం" అని వినిపించింది గానీ పట్టించుకోలేదు.

గదిలోకి వెళ్లి చూశాడు. ఏడూ పదమూడు. రెండు నిమిషాలు వెనక! ఇంజనీరమ్మ ఇంకా రాలేదు. బాబాయి దొంగలా వెనక్కి చూసి, గబుక్కున ముళ్లని ఏడుంపావుకి తోసి, చేతులు కట్టుకుని ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

ఇంకాసేపటికి ఇంజనీరమ్మ గుమ్మం పట్టుకుని రొప్పుతూ వచ్చింది. ముప్పై దాటని మనిషి, మాట రావడానికి కాస్త టైం పట్టింది. వాచీ చూసుకుంది. గడియారం చూసింది. మళ్లీ వాచీ చూసుకుంది.

"ఏడు నిమిషాలు తేడా ఉందండీ."

బాబాయి ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడే సరిచేసినా దాగలేదు. "నిజమే మేడమ్. ఐదు వారాలనుంచి వెనకబడుతూనే ఉంది. ఎంత బతిమాలినా..."

"వెనకేమిటి? ముందుంది. ఏడు నిమిషాలు ముందు!"

"ముందా? అలా ఎలా ఉంటుంది మేడమ్, వెనక కదా ఉండాల్సింది!"

"అసలు టైం ఇప్పుడు ఏడూ తొమ్మిది. నా వాచీ పొద్దున్న రేడియోతో పెట్టుకొచ్చాను, ఇందాక స్టేషన్లో కూడా చూసుకున్నాను. మీ గడియారం ఏడూ పదహారంటోంది. ఇది ఏడుంపావని మీకెలా తెలిసింది?"

ఆ విద్య బాబాయి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పక తప్పలేదు. "స్టేషనునుంచి ఈ గదికి రెండు సిగరెట్లు మేడమ్. పంతొమ్మిదేళ్లుగా పావుగంటే."

"మీరు సిగరెట్లు మానేశారుగా?"

"మానేశాను. ముట్టడం లేదు. ఒట్టు."

"మరి మలుపుల దగ్గర కూర్చున్నారా?"

"లేదు మేడమ్. మీరు కూర్చోవద్దన్నారు కదా." అని ఆగిపోయాడు. తర్వాత నెమ్మదిగా మిషను పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

ముసలి గడియారానికి ఏమీ కాలేదు. ఆరు వారాలూ అది క్షణం తప్పకుండా నడిచింది. వారం వారం తనే ముందుగా వస్తున్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఊరికి టైం చెప్పింది తన ఆయాసం. అది తగ్గుతుంటే, తగ్గినన్ని నిమిషాలూ తీసుకెళ్లి ఈ గడియారం నెత్తిన రుద్దాడు. పైగా తిట్టాడు. బాబాయికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఏది ముందు కానివ్వాలో తెలియక రెండూ ఒకేసారి కానిచ్చాడు.

ఇంజనీరమ్మ మొహంలో ఏ సంగతీ తెలియలేదు. "ముందు దీన్ని సరిచేయండి. తర్వాత రాసుకుంటాను" అంది.

సరిచేయడం అంటే ముళ్లు వెనక్కి తిప్పడం కాదు. తిప్పితే గంటలు కొట్టే పళ్లు విరుగుతాయి. లోలకాన్ని ఆపి, అసలు టైం ముళ్ల దాకా వచ్చేవరకు నిలబడాలి. బాబాయి లేచి రెండు చేతులతో లోలకాన్ని పట్టుకున్నాడు. గదిలో చప్పుడు ఆగిపోయింది. ఏడు నిమిషాలు. సరిగ్గా అప్పుడే, ఇన్నాళ్లకి మళ్లీ, సిగరెట్ మీద కోరిక గొంతు దాకా వచ్చింది. ఉద్యోగం ఉందో పోయిందో తెలియదు. చేతులు ఖాళీగా లేవు, పిప్పరమెంట్ అయిపోయింది, గబగబా నడవడానికి లేదు. ఇంజనీరమ్మ కిటికీ దగ్గర ఫైలు తెరిచి ఏదో రాస్తోంది. బాబాయి పళ్లు బిగించి నిలబడ్డాడు.

మూడో నిమిషంలో మెట్ల మీద దబదబ అడుగులు. పిన్ని! చేతులకి పిండి, కళ్ల నిండా నీళ్లు. ఎన్నడూ ఎక్కని మెట్లు ఒక్క పరుగున ఎక్కింది.

"గుమ్మంలోంచి చూస్తున్నాను, ముల్లు కదలడం లేదు! ఆపేశారా? ఇవాళే ఆపేశారా? ఒక్క మాట చెప్పి ఆపకూడదా అమ్మా? ఆయన ఎంత కష్టపడ్డారో మీకేం తెలుసు! నిద్రలేదు, తిండి... తిండి తిన్నారనుకోండి, అయినా..."

"అరవకే" అన్నాడు బాబాయి, లోలకం వదలకుండా. "ఇంకా నాలుగు నిమిషాలుంది."

"దేనికి?"

"చెబుతాను, ఉండు. నా దగ్గర నిలబడు."

ఏం అర్థం కాకపోయినా పిన్ని వచ్చి పక్కన నిలబడింది. బాబాయి కణతల మీద చెమట చూసి, పిండి అంటని మోచేత్తో తుడిచింది. ఈ ఆరు వారాల్లో ఆవిడ ఎన్ని మాటలు పడిందో, ఒక్కటీ తిరిగి అనకుండా ఎలా ఊరుకుందో అతనికి అప్పుడు గుర్తొచ్చింది. గొంతులోని కోరిక ఎప్పుడు దిగిపోయిందో తెలియలేదు.

"వదలండి" అంది ఇంజనీరమ్మ, వాచీ చూస్తూ.

బాబాయి చేతులు తీశాడు. లోలకం ఒకసారి ఊగి, చప్పుడు అందుకుంది.

ఇంజనీరమ్మ ఫైలు వాళ్ల వైపు తిప్పింది. "గడియారంలో లోపం లేదు. మనిషి ఆగకుండా ఎక్కాడు. మోటారు అవసరం లేదు. టైం తెచ్చుకోవడానికి ఆఫీసు తరఫున ఒక చేతి వాచీ ఇప్పించవలెను" అని ఉంది. పిన్ని రెండుసార్లు చదివింది. బాబాయి చదవలేకపోయాడు, కళ్లు మసకబారాయి.

"వాచీ పెట్టుకుంటారా బాబాయి గారూ?" అంది ఇంజనీరమ్మ. బాబాయి అని పిలవడం ఆవిడకి అదే మొదటిసారి.

"పెట్టుకుంటానమ్మా. నన్నింక నమ్మడానికి లేదు. వచ్చే వారం ఇంకెంత తొందరగా వస్తానో!"

పిన్నికి ఆయాసం ఇంకా తగ్గలేదు. దిగేటప్పుడు రెండో మలుపు దగ్గర ఆవిడే కూర్చుంది. బాబాయి ఆవిడ లేచేదాకా పక్కనే నిలబడ్డాడు.